కెమెరా పెట్టెకు బొట్టు

గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి మా మూడు లారీలు వాగు గట్టున ఆగాయి. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్ళే రోడ్డు వదిలి ఆరు కిలోమీటర్లు లోపలికి వచ్చాం. వాన వెలిసి రెండు రోజులైంది. బురద బూటు మడమలు దాటి వస్తోంది. వంతెన ఉండాల్సిన చోట అటొక గోడ, ఇటొక గోడ, మధ్యలో ఎర్రనీళ్ళు. టేపు పట్టి కొలిచాం. తొంభై రెండు అడుగులు.

ఆర్డరు చిన్నది. ఆదివారం సాయంత్రానికి వంద అడుగుల ఇనుప వంతెన వెయ్యాలి. మేం నలభై మందిమి. నేను హవల్దారుని. వంతెనను అవతలి గట్టుకు తోసేటప్పుడు అందరూ ఒక్కసారిగా తొయ్యడానికి కేక వేసేది నేనే. రిటైరు కావడానికి మూడు నెలలుంది.

అంతకుముందు ఇరవై నాలుగేళ్ళలో పదకొండు వంతెనలు వేశాను. అన్నీ సరిహద్దుల్లోనే. ఒక్కదానికీ ఫోటో లేదు. అక్కడ తియ్యకూడదు. ఈ పన్నెండోది మాత్రం మా అక్క ఊళ్ళో పడింది. వాళ్ళ మిద్దె గట్టుకు నాలుగు వందల అడుగుల దూరం. బావ మగ్గం నేస్తాడు. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే పాట.

"మిలిటరీలో ఏం చేసినావురా నువ్వు? చపాతీలు తిన్నావు, మాకు రమ్ము తెచ్చినావు. ఇంకేమన్నా ఉంటే చూపించు."

ఈసారి చూపించే వీలు దొరికింది. మా మేజర్‌కు శిక్షణ తరగతుల కోసం పని మొత్తం ఫోటోల్లో కావాలి. తనిఖీ అయ్యాక నాకూ ఒక కాపీ ఇస్తానన్నాడు. షరతులు మూడు. కెమెరా పెట్టెలో సిమ్ వద్దు. వైఫై వద్దు. పెట్టె బిగించాక ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దు. వెంట్రుకవాసి కదిలినా ఫోటోలన్నీ చెడతాయి.

మా రేడియోలు చూసే సిగ్నల్స్ నాయక్ నాలుగింటికి పని మొదలుపెట్టాడు. ఖాళీ తూటాల పెట్టెకు ముందువైపు గుండ్రంగా కోసి గాజు అతికించాడు. లోపల కెమెరా, అరచేయంత కంప్యూటరు. పక్కన మోటార్‌సైకిల్ బ్యాటరీ, పైన సోలార్ పలక. నెట్‌వర్క్ లేకపోతే ఆ కంప్యూటరుకు టైము తెలియదట. అందుకని గడియారంలో వేసే బిళ్ళ బ్యాటరీ ఒకటి పెట్టి, నా చేతి వాచీ చూసి టైము కలిపాడు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ముప్పై సెకన్లకు ఒక ఫోటో. అయిదున్నరకు పెట్టెను అక్క వాళ్ళ మిద్దె పిట్టగోడకు బోల్టులతో బిగించాం.

"ఫోటో పడతా ఉందో లేదో ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు బావ.

"ఆదివారం కార్డు తీస్తే తెలుస్తుంది."

"అంటే నీకూ తెలీదు. సరి సరి."

శుక్ర, శనివారాలు వంతెన బిగించాం. ఒక్కో ఇనుప చట్రానికి ఆరుగురు. మిద్దె మీద ఒక జవాను రేడియోతో కూర్చుని, పైనుంచి నీళ్ళు పెరుగుతున్నాయేమో చూసేవాడు. ఊరివాళ్ళు గట్టు మీద గొడుగులు వేసుకుని మమ్మల్ని చూసేవాళ్ళు.

ఆదివారం పొద్దున ఆరూ నలభై. ఏడింటికి వంతెన తోపు. అక్క తూక్కు క్యారియర్ నిండా కాఫీ తెచ్చి అందరికీ పోస్తోంది.

"భయపడొద్దు తమ్ముడూ, అంతా బాగా జరుగుతుంది. శుక్రవారం మీ లారీలకు బొట్టు పెట్టినా. నీ పెట్టెకూ పెట్టినా."

మా వైపు కొత్త సామాను ఏది వచ్చినా, మగ్గమైనా ఫ్రిజ్జైనా, గంధం కుంకుమ పడాల్సిందే. నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"యాడ పెట్టినావక్కా?"

"ముఖాన. గుండ్రంగా గాజు ఉంది చూడు, దాని నడిమధ్యలో. గంధం బాగా పట్టింది."

నేను వంతెన వదిలి వెళ్ళడానికి లేదు. రేడియో అందుకున్నాను.

"మిద్దె, ఇది గట్టు. పెట్టె గాజు చూడు. ఓవర్."

"గట్టు, ఇది మిద్దె. గాజు మీద ఎర్ర చుక్క. పెద్దది. ఓవర్."

"రెండు రోజులుగా కనబడలేదా? ఓవర్."

"నాకు చెప్పింది నీళ్ళు చూడమని. పెట్టె ముట్టుకోవద్దని కూడా చెప్పారు. ఓవర్."

మధ్యలో మేజర్ గొంతు వచ్చింది. "బొట్టు ఎవరు పెట్టారు? ఓవర్."

"మా అక్క సార్. ఓవర్."

మేజర్ ఇంకొకటి అడిగాడు.

"ఆ ఇంట్లో చెయ్యి వణకని మనిషి ఎవరైనా ఉన్నారా? ఓవర్."

ఉన్నాడు. వెయ్యి పోగుల మధ్య తెగిన ఒక్క పోగును, పక్క పోగు కదలకుండా ముడివేసే మనిషి. తోపు చూడ్డానికి అప్పటికే మిద్దె ఎక్కి నిలబడి ఉన్నాడు. జవాను రేడియో ఆయన చేతికిచ్చాడు.

"ఏంరా మిలిటరీ, మగ్గపోళ్ళు కావాల్సొచ్చినారా?"

"బావా, గాజు తుడువు. పెట్టె కదలకూడదు."

"నాకు చెప్తావా నువ్వు."

తడిపిన నూలుగుడ్డ వేలికి చుట్టి తుడిచాడు. నా వాచీలో ఆరూ యాభై ఆరు. "గాజు తెల్లగా ఉంది. పెట్టె కదల్లేదు. ఓవర్" అన్నాడు జవాను. ఏడూ అయిదుకు మొదటి కేక వేశాను. నలభై మంది ఒక్క భుజమయ్యారు. రోలర్ల మీద వంతెన అంగుళం అంగుళం జరిగింది. తొమ్మిదీ పదిహేనుకు దాని ముందు కొస అవతలి గోడ మీద ఆనింది. రెండు గట్ల మీదా ఈలలు.

మూడు నెలల తర్వాత రిటైరై, నా ట్రంకు పెట్టె భుజాన వేసుకుని ఆ వంతెన మీదుగానే నడిచి ఊళ్ళోకి వచ్చాను. తనిఖీ అయ్యాక నాయక్ ఫోటోలన్నీ వరసగా కలిపి చేసిన వీడియో, పెన్‌డ్రైవులో నా జేబులో ఉంది. అక్క ఇంట్లో టీవీకి తగిలించాం. గురువారం సాయంత్రం అరగంట శుభ్రంగా ఉంది. తర్వాత రెండు రోజుల పనంతా ఎర్రటి మంచు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత తెర తేటపడింది. వంతెన పది సెకన్లలో వాగు దాటింది.

బావ తెర దగ్గరికి జరిగాడు. "ఇంకోసారి వెయ్యి" అన్నాడు. నాలుగోసారికి, "ఇట్లాంటివి పన్నెండా?" అన్నాడు.

"పన్నెండు బావా."

ఎర్ర మంచుకూ తేటపడిన తెరకూ మధ్య ఒకే ఒక్క ఫోటో ఉంది. మామూలుగా చూస్తే రెప్పపాటులో పోతుంది. నాయక్ తీసేస్తానంటే నేనే వద్దన్నాను. టీవీ దగ్గర దాన్ని ఆపి చూపించాను. పదకొండు వంతెనల కొండలూ మంచూ నా కళ్ళలో ఇప్పుడిప్పుడే మసకబారుతున్నాయి. ఆ ఫోటో మాత్రం మసకబారదు. తెర నిండా మా బావ ముఖం. పళ్ళ మధ్య నాలుక, ముడిపడిన కనుబొమలు, గాజుకు ఆనీ ఆననట్టున్న వేలు. ఆ వేలి చివర కుంకుమ.