బాబూరావు గారి చెయ్యి, ఫ్లోరెన్స్ ఫాంటు

మా ఆయన బాబూరావు బోర్డులు రాసే పెయింటరు. బాపట్లలో బ్రహ్మయ్య గారి దగ్గర రంగులు కలపడంతో మొదలుపెట్టి, పెళ్ళయ్యాక రేపల్లెలో సొంతంగా రాసుకున్నారు. పక్కనున్న నగరం ఊళ్ళో ఎరువుల కొట్టు బోర్డు దగ్గర్నుంచి మా చర్చి సభల గుడ్డ బ్యానర్ల దాకా ఆయన అక్షరాలే. అరిగిపోయిన బ్రష్షుతోనే రాసేవారు. అంచులు గరుకుగా, చీపురుతో ఊడ్చినట్టు ఉండేవి. "నున్నగా రాస్తే ఎవడు ఆగి చూస్తాడే?" అనేవారు.

రెండు వేల ఐదులో ఫ్లెక్సీలొచ్చి ఆయనకి పని లేకుండా చేశాయి. అప్పుడు తెనాలిలో డీటీపీ చేసే ఫ్లోరెన్స్ అనే అమ్మాయి కబురు పెట్టింది. అక్షరాలన్నీ కాగితం మీద రాసిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి ఫాంటు చేస్తుందట, ఎవరు టైపు చేసినా ఆయన రాతే వచ్చేట్టు. ప్రతి శనివారం పొద్దున్నే రైలెక్కేవారు. నా ఎదురుగా కూర్చుని అన్నం తినే తీరిక లేని మనిషి, ఆ పిల్ల పక్కన కూర్చుని తలకట్లు వేరే, గుడులు వేరే, ఒత్తులు వేరే రాసేవారు.

"ఇంకెన్ని శనివారాలండీ?"

"ఒత్తులొక్కటే మిగిలాయే."

"ఒత్తులక్కూడా ఇస్త్రీ చొక్కా కావాలా?"

ఆయన నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లది మా అమ్మాయి వయసే, అయినా నాకు ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళలో తన పని గురించి నన్నొక్క మాట అడిగింది లేదు. ఆ పిల్లని మాత్రం 'ల' తోక ఎంత లాగాలో అడిగేవారట.

మరుసటి ఏడు గుండె ఆగి పోయారు. ఏడాది తిరక్కముందే ఆ అక్షరాలు ఊరూరా కనిపించాయి. చీరాల చీరల సంచుల మీద, పెళ్ళి కార్డుల మీద, బాపట్లలో మిఠాయి కొట్టు మీద.

"ఫ్లోరెన్స్ ఫాంటండి, ఇప్పుడంతా అదే," అన్నాడు మిఠాయి కొట్టతను. ఇంటికి పోబుద్ధి కాలేదు. నేరుగా తెనాలి వెళ్ళాను.

"అది ఆయన చెయ్యి. నీ పేరెందుకు పెట్టుకున్నావమ్మా?"

"ఫైలుకి ఏదో పేరుండాలిగా ఆంటీ, అప్పటికి నాది పెట్టా. అంకుల్ నవ్వి ఊరుకున్నారు," అంటూ నా కళ్ళ ముందే ఆయన పేరుకి మార్చింది. "ఇప్పటికే తీసుకెళ్ళినవాళ్ళ దగ్గర మాత్రం పాత పేరే ఉంటుందండి."

ఆ అక్షరాలతోనే 'బాబూరావు' అని ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది. రెండు 'బ'లూ అచ్చం ఒకేలా ఉన్నాయి. బోర్డు మూల పేరు రాసుకునేటప్పుడు ఆయన రెండో 'బ' ఎప్పుడూ కాస్త పక్కకి ఒరిగేది.

"ఆయన రాత ఇలా ఉండదమ్మా."

ఫ్లోరెన్స్ ఆ కాగితం తీసుకుని రెండు 'బ'లూ పోల్చి చూసింది. కళ్ళు తుడుచుకుంది. "నిజమే ఆంటీ. నా దగ్గర ఒక్కో అక్షరం ఒక్కటే ఉంది. ఇంట్లో అంకుల్ రాసినవి ఏమన్నా ఉంటే ఇవ్వరా? రెండో రకం కూడా ఎక్కిస్తా."

మా బియ్యం డబ్బా మీద, గేటు మీద, అమ్మాయి ట్రంకుపెట్టె మీద అంతా ఆయన రాతే.

"లేవమ్మా," అన్నాను.

రేపల్లె బండి దాకా నాతో నడిచొచ్చి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. అప్పుడూ చెప్పలేదు.