ఫారంలో నేను రాసిన ‘చిరాకు’

పాడేరులో మాది బట్టల కొట్టు. మా ఆయన చీమకైనా హాని చెయ్యని మనిషి. అలాంటిది ఒక సంత రోజు, ఇంకో చీర చూపించమని అడిగిందని, బట్ట కొలిచే ఇనప కడ్డీతో ఒకావిడ భుజం మీద ఈడ్చి కొట్టాడు. నేను అడ్డం పడితే జుట్టు పట్టుకుని, "ఎవుత్తివే నువ్వు? నా కొట్లో ఏటి సేత్తన్నావు?" అన్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని!

దెయ్యం పట్టిందన్నారు. తాయెత్తు కడితే, కట్టిన చేతినే కొరికాడు. చివరికి విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఎమ్మారై చూసి డాక్టరుగారు, "ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. మెదడు ముందు భాగం కుంచించుకుపోతోంది. ఆయన కావాలని చెయ్యట్లేదమ్మా," అన్నారు. నయం చేసే మందు లేదు గానీ, ఒక కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందట, అందులో చేర్చుకుంటామన్నారు. "దీన్ని పైనుంచి చూసే నిపుణుల కమిటీ వేరే ఉంది. మందువల్ల ఎవరికైనా కీడు జరుగుతోందంటే ఆపించేస్తారు. నెలనెలా మేమిచ్చే ఫారంలో ఆయన ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు రాయండి."

నా చెవికి ‘ఆపించేస్తారు’ అన్న మాటొక్కటే ఎక్కింది.

మందు మొదలెట్టిన రెండో నెలకి కొట్టడం ఎక్కువైంది. నా తల గోడకేసి బాదాడు. ఫారంలో ‘చిరాకు’ అని రాశాను. వేడి అన్నం గిన్నె మొహాన విసిరాడు. ‘కొంచెం చిరాకు’. కత్తెర పట్టుకుని గొంతు మీదకొచ్చాడు. ‘చిరాకు తగ్గలేదు’. ఆ ఒక్క మందూ పోతే ఇంక ఆయన్ని గొలుసేసి కట్టెయ్యాల్సొస్తుందని భయం. అది కాక, మొగుడు కొడుతున్నాడని కాగితం మీద పెట్టడానికి సిగ్గు.

ఇంకో రోజు కడ్డీ లేచింది. చెయ్యి అడ్డం పెట్టాను. ముంజెయ్యి విరిగింది. ‘బాత్రూంలో జారిపడ్డాను’ అని రాసి, ఆయన్ని చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు అడిగితే నా ఎక్స్‌రే ఇచ్చొచ్చాను.

పది రోజులకి డాక్టరుగారు ఫోన్ చేశారు. "కమిటీ వాళ్ళు అడుగుతున్నారమ్మా. జారిపడితే చెయ్యి నేలకి ఆనిస్తాం, మణికట్టు దగ్గర విరుగుతుంది. మీకు విరిగింది దెబ్బ కాసుకున్నప్పుడు విరిగే ఎముక. నిజం చెప్పండి."

భోరుమని ఏడ్చి అంతా చెప్పేశాను. డాక్టరుగారు అంతా రాసుకుని అన్నారు:

"ఇంకొందరి ఫారాల్లోనూ ‘చిరాకు’ అనే ఉంది. అందరికీ ఫోన్ చెయ్యమంది కమిటీ. ఒకావిడ మాత్రం ఎత్తలేదు. భర్త రోకలితో కొట్టాడట. తల పగిలి ఐసీయూలో ఉంది."

ఛీ, నేను మొదటి దెబ్బకే రాసుంటే! నా పరువు ఎవరికి కావాలి?

కమిటీ ట్రయల్ ఆపించేసింది. మందు మాన్పాక దెబ్బలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. రోగం రోగమే. కత్తెరలూ కడ్డీలూ బీరువాలో పెట్టి తాళంచెవి మెళ్ళో వేసుకుని తిరుగుతున్నాను. మొన్న అన్నం పెడుతుంటే నన్ను చూసి, "ఈ గుంట ఎవుత్తి?" అని నవ్వాడు. యాభై దాటినదాన్ని చిన్నపిల్లని చేసి గుంటంటే నాకూ నవ్వొచ్చింది.

నాలాంటి వాళ్ళకి ఒకటే చెబుతున్నాను. కొట్టాడా, కొట్టాడనే రాయండి. దేంతో కొట్టాడో, ఎక్కడ తగిలిందో రాయండి. ఆ కమిటీలో కూర్చున్నవాళ్ళు మీ చుట్టాలు కాదు, మీ మొగుణ్ణి ఏమీ అనుకోరు. తల పగిలిన ఆవిడకి ఇంకా మాట రాలేదట.