ఎర ఇచ్చినవాళ్ళకు తల

ఆదోనిలో అబ్దుల్ గనీకి రెండు పేర్లున్నాయి. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోస్తాడు గనుక రైతులకు ఆయన వైండింగ్ గనీ. ఆదివారమొస్తే దుకాణం షట్టరు దించి గాలం చంకన పెట్టుకుంటాడు గనుక వీధివాళ్ళకు మచ్లీ గనీ, అంటే చేపల గనీ. మొదటి పేరుతో పిలిస్తే పలుకుతాడు. రెండో పేరుతో పిలిస్తే ఉబ్బిపోతాడు.

అలా ఉబ్బిపోయి ఉన్నప్పుడే నోరు జారాడు. కూతురు నజ్మాకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టిందని తెలిసి ఎమ్మిగనూరు నుంచి వియ్యంకుడు జావీద్ సాబ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఆయనకు అక్కడ బట్టల దుకాణం. ఒంటిమీద మడత నలగని తెల్లబట్టలు, మాటలో ఎప్పుడూ ఒక చిన్న ముల్లు. టీ తాగుతూ తాగుతూ, "ఏం భాయ్‌సాబ్, మీ గాలానికి పడే చేపల్ని గాజుసీసాలో ఏసి పిల్లలకు ఆడుకోనీకి ఇయ్యొచ్చంట గదా?" అన్నాడు. కూర్చున్న నలుగురూ పకపకా నవ్వారు.

గనీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చిల్లా దావత్‌కు రాండి భాయ్‌సాబ్, కొర్రమీను తలకాయ మీ పళ్ళెంలో ఉంటాది! బజారులో కొన్నది గాదు, నా గాలానికి పడింది. లేకుంటే ఆ గాలం మీ చేతికే ఇచ్చేస్తా. జన్మలో మళ్ళా ముట్టను!"

బిడ్డ పుట్టిన నలభయ్యో నాటి విందే చిల్లా. దాన్ని వెనక్కి జరపడానికి లేదు, ముందుకు తోయడానికీ లేదు. వంటింట్లో ఆయన భార్య జమ్రుద్‌బీ గరిటెతోనే నెత్తి కొట్టుకుంది.

మామూలు ఎండాకాలమైతే గనీకి ఇదొక లెక్కే కాదు. ఎండలు ముదిరి చెరువు చిక్కిపోయే కొద్దీ చేపలన్నీ తూము ముందున్న లోతు మడుగులోకి చేరతాయి. వేకువనే పోవాలి, గాలం లోతుగా దించాలి, బారెడు పొద్దెక్కేలోపు లేచి రావాలి. ఎమ్మిగనూరు దారిలో, కొండల నుంచి దిగే వంక కింద ఉన్న ఆ చెరువులో ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే. చేపల సొసైటీవాళ్ళు అక్కడ బయటివాళ్ళ వలలు పడనివ్వరు కానీ గాలానికి ఎవరూ అడ్డురారు.

ఈ ఏడు మాత్రం ఎండాకాలానికి పిచ్చెక్కింది. పొద్దున కొలిమిలో నిలబెట్టినట్టు ఎండ. మధ్యాహ్నం సుడిగాలి లేచి కంట్లో దుమ్ము కొడుతుంది. సాయంత్రం ఉరుములు, నాలుగు వడగళ్ళు. మర్నాడు ఆకు కదలని ఉక్క. ఒకరోజు పైనీళ్ళు టీ పెట్టుకోవచ్చన్నట్టు కాగుతాయి, మరుసటి రోజు కాలు పెడితే జివ్వుమంటాయి. చేపలకు మాత్రం ఏం తోస్తుంది? అలిగిన కొత్తపెళ్ళికూతుళ్ళలా మూతి ముడుచుకుని ఎక్కడో కూర్చున్నాయి. ఎర ముక్కు ముందు ఆడినా నోరు తెరవవు.

గాలాలవాళ్ళు తలా ఒక ఉపాయం పట్టారు. పోస్టాఫీసు దేవదాసు ఫోనులో మబ్బుల బొమ్మ చూసిగాని ఇంట్లోంచి కదలడం లేదు. ఒకాయన పిండిముద్దలో ఇంగువ కలిపాడు. ఇంకొకాయన మిట్టమధ్యాహ్నం గొడుగు పాతుకుని కూర్చుని వడదెబ్బ తగిలించుకుని పోయాడు. గనీ ఒక్కడే తన వేకువనీ, తన మడుగునీ వదల్లేదు. వదలనందుకు బొమ్మిడాయి పిల్ల కూడా పడలేదు.

"అజీ, బజారులో తెచ్చి వండితే ఎవరికి తెలుస్తాదీ?" అంది జమ్రుద్‌బీ.

"నాకు తెలుస్తాది" అన్నాడు గనీ. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నవ్వులాటకు అన్న మాట మెడకు చుట్టుకుంది. గాలం పోతే ఆదివారం ఏం చెయ్యాలో ఆయనకు నిజంగా తెలియదు.

ఆ చెరువు దగ్గర అంజినమ్మ అని ఒకామె ఉంది. కట్టకింద పల్లెలో కూలికి పోతుంది, పని లేనినాడు గాలం వేస్తుంది. నోరు పెద్దది. నవ్వు అంతకన్నా పెద్దది. "ఎర గావల్నా సాబన్నా?" అని ఎన్నోసార్లు అడిగింది. గనీ ఎన్నడూ తీసుకోలేదు. ఎందుకంటే ఆ చెరువు దగ్గర ఒక కట్టుబాటుంది. ఒకరి ఎరతో ఇంకొకరు చేప పడితే ఒళ్ళంతా పట్టినవాడిది, తల మాత్రం ఎర ఇచ్చినవాళ్ళది. పెద్దవాళ్ళ నాటి నుంచీ వస్తున్న మాట, కాదన్నవాడి పక్కన మళ్ళీ ఎవరూ గాలం వేయరు. తన చేప తల ఇంకొకరి కుండలో ఉడకడమా? గనీకి అది మహా నామోషీ.

దావత్ ముందురోజు మధ్యాహ్నం గనీ దుకాణంలో ఒక బోరుమోటారు ముందేసుకుని కూర్చున్నాడు. తీగచుట్టల మధ్య పెట్టే మందపు కాగితాన్ని మడవబోయాడు. పెళపెళలాడాల్సిన కాగితం మెత్తగా వంగింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. బయట చూస్తే మండుటెండ, ఆకాశంలో మబ్బుతునక లేదు. కాగితం మాత్రం చెమ్మ తాగింది. ఏళ్ళ తరబడి ఆ కాగితం ఆయనకు అబద్ధం చెప్పలేదు. ఎక్కడో గాలి మారింది. వాన వస్తే ఊరికే నాలుగు చినుకులు కాదు, దండిగానే వస్తుంది! చల్లనీళ్ళు పడితే చేప కదలకపోదు.

గనీ మోటారును అలాగే వదిలి, మూలనున్న గాలమూ ఎర సంచీ అందుకున్నాడు. షట్టరు సగం దించి, అది సగమే దిగిందన్న సంగతి కూడా మరిచిపోయి, మోపెడ్డు మీద చెరువు దారి పట్టాడు.

చెరువు చేరేసరికి పడమర నల్లగా కమ్ముకుంది. గాలి వచ్చిపడింది. టోపీ ఎగిరి ఎటు పోయిందో చూసుకునే తీరిక లేదు. వడగళ్ళు టపటపా రాలడం మొదలయ్యాయి. తూము గోడ చాటుకు ఉరికితే అక్కడ అంజినమ్మ అల్యూమినియం బొచ్చె బోర్లించి నెత్తిన పెట్టుకుని కూర్చుని ఉంది. వడగళ్ళు బొచ్చె మీద పడి ఢమఢమా మోగుతున్నాయి.

"ఎవురన్నా ఈ వానలో గాలమేస్తారా సాబన్నా?" అని అరిచింది.

"నువ్వెందుకొచ్చినావు మరి?" అని గనీ అంతకన్నా గట్టిగా అరిచాడు.

వడగళ్ళు ఆగి వాన పట్టుకుంది. అప్పుడు చూశాడు గనీ. నెలలుగా ఎండిన వంక బుసబుసా నురగతో బురదనీళ్ళు మోసుకొచ్చి చెరువు అవతలి కొసన కలుస్తోంది. అక్కడ మోకాలు కూడా మునగని లోతు, కొంగ తప్ప ఎవరూ నిలబడని చోటు. ఆ పలచని నీళ్ళలో బుడుంగుమని ఒక సుడి లేచింది. ఇంకొకటి. చల్లని కొత్తనీరు, దాంతోపాటు కొట్టుకొచ్చే పురుగూ పుట్రా! ఉక్కకు అలిగి మడుగు వదిలిపోయిన చేపలన్నీ విందు ఇక్కడ పెట్టుకున్నాయి. ఇన్నాళ్ళూ తాను ఖాళీ ఇంటి తలుపు కొడుతున్నానని గనీకి అర్థమైంది. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

బురదలో జారుతూ అక్కడికి పరుగెత్తాడు. తెచ్చిన ఎండురొయ్య గుచ్చి విసిరాడు. ఆ బురదనీళ్ళలో దాన్ని చిల్లర చేపలు పీక్కు తిన్నాయి. మళ్ళీ గుచ్చాడు, మళ్ళీ పీక్కుపోయాయి. పది బారల దూరంలో నల్లటి వీపు ఒకటి నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. ముంజేయంత పొడుగు. గనీ నోట్లోంచి "యా అల్లా" అని అదంతటదే వచ్చింది. కొర్రమీనుకు ఈ వేళ కావలసింది కప్ప. కొత్తవానకు గట్టు నిండా కప్పలే. ఒకదాని మీద పడ్డాడు, అది జారిపోయింది. ఇంకొకదాని మీద పడ్డాడు, ఈసారి ఆయనే జారాడు. లేచేసరికి గడ్డం నిండా బురద.

అంజినమ్మ కడుపు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. ఆమె చేతిలో మూతకు చిల్లులు పెట్టిన డబ్బా ఉంది. అందులో కప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"కప్ప గావల్నా?"

గనీ గడ్డం మీది బురద తుడుచుకుని చెయ్యి చాపబోయాడు.

"తలకాయ నాదైతాది. తెల్సు గదా?"

ఆ తలనే గదా తాను వియ్యంకుడి పళ్ళెంలో పెడతానన్నది! గనీ చెరువు వైపు చూశాడు. నీళ్ళు మళ్ళీ బుడుంగుమన్నాయి. కప్ప తీసుకుంటే మాట పోతుంది. తీసుకోకుంటే చేపా పోతుంది, మాటా పోతుంది. అసలు సంగతేమిటంటే ఆ క్షణాన ఆయనకు వియ్యంకుడు గుర్తులేడు, దావత్ గుర్తులేదు. కళ్ళ ముందు ఆ నల్లటి వీపొక్కటే ఆడుతోంది.

"ఇయ్యి తల్లీ, బిరీన ఇయ్యి!"

కప్ప నీళ్ళను తాకిందో లేదో, బండరాయి పడ్డట్టు నీళ్ళు పగిలాయి. వెదురుగడ విల్లులా వంగింది. నైలాన్ దారం అరచేతిని కోసింది. ముప్పై ఏళ్ళ గాలంలో ఇలాంటి లాగుడు ఎరగడు! చేప ఎడమకు లాగితే ఎడమకు ఉరికాడు, కుడికి లాగితే కుడికి ఉరికాడు, తిడుతున్నాడు, బతిమాలుతున్నాడు. కాలు జారి నీళ్ళలోకి పోబోతుంటే అంజినమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుంది. చొక్కా పరపరా చిరిగింది. చివరికి చేప గట్టెక్కి పడింది, పడీ పడగానే పాములా మళ్ళీ నీళ్ళ వైపు పాకింది. అంజినమ్మ బొచ్చె తీసి దాని మీద బోర్లించి, ఆ బొచ్చె మీద కూర్చుంది.

వానలో ఇద్దరూ పిల్లల్లా కేకలు పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం దావత్. ఇల్లంతా బిర్యానీ వాసన, చేపపులుసు వాసన. పొద్దున్నుంచీ జమ్రుద్‌బీ చెవిలో పోరుతూనే ఉంది, తలకాయ పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పమని. గనీ సరేననలేదు, కాదనలేదు. అందరూ కూర్చున్నాక జావీద్ సాబ్ పళ్ళెంలో పెద్ద పెద్ద చేపముక్కలు పడ్డాయి. ఆయన గరిటె వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు.

"తలకాయ యాడ భాయ్‌సాబ్?"

గుమ్మం దగ్గర చాప మీద, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న నజ్మా పక్కన, గనీ పిలవగా వచ్చిన అంజినమ్మ కూర్చుని ఉంది. తలకాయ ఆమె పళ్ళెంలో ఉంది. జమ్రుద్‌బీ ఆమె వైపు వంగి, "నువ్వే ఆయనకు ఇచ్చేయరాదా అమ్మా?" అని గొణిగింది.

"ఏం మాటలాడతావు బీబమ్మా! అది నా కప్ప సంపాయించింది" అంది అంజినమ్మ. తలకాయను రెండు చేతులతోనూ పట్టుకుంది.

గనీ లేచాడు. దాచలేదు, మింగలేదు. కాగితం మెత్తబడిన దగ్గర నుంచి చొక్కా చిరిగిన దాకా, చేతులు ఊపుతూ, తాను పడ్డ చోటల్లా పడి చూపిస్తూ మొత్తం చెప్పాడు. చెప్పినంతసేపూ కళ్ళు వెలిగాయి. చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది. మూలనున్న వెదురుగడ తెచ్చి వియ్యంకుడి ముందు పెట్టాడు.

"పట్టింది నేనే. తలకాయ మాత్రం ఆమెది. మీకిచ్చిన మాట తప్పినా భాయ్‌సాబ్. ఇంక ఇది మీది."

గడ వదలడానికి ఆయన వేళ్ళు కాసేపు ఒప్పుకోలేదు. చూస్తున్న నజ్మాకు ఏడుపొచ్చింది.

జావీద్ సాబ్ ఎడమచేత్తో గడ అందుకున్నాడు. కొస వంచి చూశాడు. దారం మీద ఎండిన బురదను గోటితో గీకాడు. ఎప్పుడూ మాటలో ఉండే ముల్లు ఈసారి ఎక్కడా కనిపించలేదు.

"ఎర ఇచ్చినోళ్ళకే తలకాయ. అంతే గదా?"

"అంతే."

"అట్లయితే ఇది మీరే పట్టుకోండి" అని గడను తిరిగి గనీ చేతిలో పెట్టాడు. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. "కప్పలు నేను పడతా!"

సరిగ్గా అప్పుడే పడమటి దిక్కున ఉరిమింది. వియ్యంకులిద్దరూ పళ్ళేలు మరిచి తలుపు వైపు చూశారు. జావీద్ సాబ్ అప్పటికే సగం లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు పోతే దొరుకుతాయా?" అని అంజినమ్మను అడిగాడు.

అంజినమ్మ తలకాయలోని ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"దొరుకుతాయిలే సాబూ. నేను తినేదంకా ఆగు."