నుదుటికి రాసుకునే నీళ్లు

రంగూన్‌లో కర్రల మిల్లు గుమాస్తాగా ఉన్న మా అన్నయ్య జాడ తెలియకుండా పోయి ఏడాది దాటింది. జపాను వాళ్లు రావడంతో అక్కడి మనవాళ్లంతా కాలినడకన బయల్దేరేరని మాత్రం విన్నాం. అనకాపల్లిలో మా ఇంటి పెద్దలు ఇక ఆగలేమన్నారు. విశాఖపట్నం పాత చర్చిలో, బర్మా నుంచి వచ్చినవాళ్లకి తెల్లబట్టల మఠం అమ్మలు గంజి పోస్తున్నారట. అక్కడా కబురు దొరక్కపోతే కర్మ చేయించి వదిన బొట్టు తీసేయాలన్నారు. ఆ మాట వదిన వింటూండగానే అన్నారు.

బాబాయి నన్నూ వదిననీ రైల్లో తీసుకెళ్లి, చర్చి గేటు దగ్గరే ఆగిపోయేడు.

ఎత్తయిన కప్పు, చల్లటి చీకటి, మైనం వాసన. గుమ్మం పక్కన రాతిగిన్నెలో నీళ్లు. ఎవరిదైనా దేవుడి ఇల్లే కదా అని చెప్పులు బయట విడిచి, ఆ నీళ్లు కళ్లకద్దుకుని పుచ్చుకున్నాను.

"అవి తాగేవి కావమ్మా. నుదుటికి రాసుకోవాల," అన్నాడు నేల తుడుస్తున్న ముసలాయన.

"తాగేసింది కదా, ఇప్పుడేటి చేత్తాం? మా ఆడపడుచుకి నీళ్లు కనబడితే చాలు, తీర్థమే," అంది వదిన. ఆ ఏడాదిలో ఆవిడ నవ్వగా చూసింది అప్పుడే. ఆయన "మీరూ రాసుకోండమ్మా" అనేసరికి మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నుదుటికా? నాకొద్దు బాబూ."

బొట్టు చెరుగుతుందని.

స్పెయిన్ దేశపు మఠం అమ్మ ఒకావిడ మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టింది. వచ్చీరాని తెలుగులో, "మా ఊరి చర్చి దీనికి ఎన్నో రెట్లు పెద్దది. ఓడల మీద వెళ్లినవాళ్ల కోసం ఆడవాళ్లు అందులో ఇలాగే కూర్చుంటారు," అంది.

"వాళ్లొస్తారా అమ్మా?" అంది వదిన.

ఆవిడ వెళ్లి, రంగూన్ మిల్లుల్లో పనిచేసినతన్ని పిలుచుకొచ్చింది. అతనికి అన్నయ్య తెలుసు. కొండదారిలో జ్వరమొచ్చి నడవలేక ఆగిపోయేడట.

"మీరు పదండి, నేనొత్తాను అన్నాడమ్మా. మేం వచ్చేసేం," అని తల వంచుకున్నాడు.

"పోవడం చూసేరా?" అంది వదిన.

"లేదమ్మా. చూళ్లేదు."

ఇంటికొచ్చేక, వదినని అడగలేక పెద్దలు నన్నే అడిగేరు. జ్వరం సంగతీ, కొండదారి సంగతీ దాచకుండా చెప్పి, పోవడం ఎవరూ చూళ్లేదన్నాను.  నాన్న లేచి, "చూళ్లేదంటే చూళ్లేదు," అని పురోహితుడికి పంపబోయిన కబురు మాన్పించేడు.

అన్నయ్య రాలేదు. వదిన పోయేదాకా బొట్టుతోనే ఉంది. దానికి ఊళ్లో పడాల్సిన మాటలన్నీ పడింది. చర్చిలో కనబడిన ఆ మిల్లు మనిషి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేయగలిగేవాడే. చెప్పలేదు. పూజలో కూర్చున్నప్పుడు, మేం పేరైనా అడగని అతన్ని దేవుడికి గుర్తు చేస్తూంటాను.