గోడలంటే దిలావర్ భాయ్‌కి పడదు

గోడ మీద లైటు పడితె చాలు, దిలావర్ భాయ్‌కి ఒళ్లు మండుతది. ఆయనకు వేరే కోపాలు లేవు. పంజాగుట్ట చౌరస్తాల గంటసేపు బండి కదలకపోయినా నవ్వుకుంట కూసుంటడు. వానకు తడిసినా, చాయ్‌ల చక్కెర లేకపోయినా "చల్తా" అంటడు. కానీ మనిషి చీకట్ల ఉంటే గోడకు లైటు కొట్టుడు మాత్రం ఆయన భరించడు. భరించడంటే ఊకె గొణుగుడు కాదు. కుర్చీ ఎక్కుతడు.

నాకు అమీర్‌పేటల ఓ సందుల లైట్ల దుకానం ఉంది. మా దుకానంల కొన్న లైట్లను ఇండ్లల్ల బిగించేది దిలావర్ భాయే, పదహారేండ్ల నుంచి. వయసు అరవై దాటింది. తెల్ల గడ్డం, చెవి మీద పెన్సిల్, జేబుల టెస్టర్. పనిల వంక పెట్టనీకి లేదు. ఒక్క స్క్రూ వంకర పోదు. వంకరంత నోట్లనే. ఎందుకంటే ఈ పదేండ్ల నుంచి నేను అమ్మేటియి దాదాపు అన్ని గోడకు కొట్టే లైట్లే!

ముఖ్యంగ ట్రాక్ లైట్లు. తెల్వనోళ్లకు చెప్త. సీలింగుకు ఓ పొడుగు పట్టీ బిగిస్తరు. దానికి చిన్న గొట్టాల అసొంటి లైట్లు ఆరో ఎనిమిదో తగిలిస్తరు. అవి పట్టీ మీద ముందుకు ఎనుకకు జరుగుతయి, తల ఎటంటే అటు తిరుగుతది. ఇప్పుడు ఏ కొత్త ఫ్లాట్ల చూసినా హాల్ల గవే. టీవీ ఎనుక రాతి గోడకు మూడు, పెయింటింగ్‌కు రెండు, మూలకున్న పూలకుండకు ఒకటి. ఇంటోళ్లకు? ఒక్కటి లేదు.

ఒకపారి సీరియళ్లు తీసే రవికాంత్ గారింట్ల పని. కోనసీమ దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషి. కొత్త గోడను అరచేత్తో నిమురుకుంట నిలబడ్డరు.

"లైట్లన్నీ ఈ గోడ మీదకే పడాలయ్యా. ఇటాలియన్ డిజైను."

నిచ్చెన మీద నుంచి దిలావర్ భాయ్ అడిగిండు. "సాబ్, గోడకేమన్న పరీక్షలున్నయా?"

"ఏంటీ?"

"రాత్రి చదువుకుంటదా అని అడుగుతున్న."

"అందం కోసమయ్యా బాబూ!"

"గోడకు అందమెందుకు సాబ్? సంబంధాలు చూస్తుండ్రా?"

వంటింట్ల నుంచి రవికాంత్ గారి భార్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే నా కొంప ముంచింది. సాయంత్రం ఆయన ఫోన్ చేసిండ్రు. "విజయేందర్ గారూ, మీరు పంపినవాడు లైట్లు బిగించడానికొచ్చాడా, నన్ను బిగించడానికొచ్చాడా?"

నేను దిలావర్ భాయ్‌ని పట్టుకొని దులిపేసిన. "భాయ్, గోడ ఆయనది, లైటు ఆయనది. నీకేమైతుంది?"

"నాకేం కాదు. ఆయన భార్య గా మూల చీకట్ల కూసొని కూరగాయలు కోస్తుంది. వేలు కోసుకుంటె గోడ పట్టీ కడుతదా?"



ఇంకోసారి పంజాగుట్టల ఓ హోటల్‌కు బిర్యానీకి తీస్కపోయిన. లోపల అంత మసక చీకటి. లైట్లేమో గోడకు వేలాడే ఇత్తడి గిన్నెల మీద. పక్క టేబుల్ కాడ ఓ పెద్దాయన ప్లేటు కండ్లకాడికి ఎత్తుకొని ఎతుకుతుండు. ఇగ చెప్పేదేముంది? నేను చెయ్యి పట్టేలోపల దిలావర్ భాయ్ కుర్చీ ఎక్కి లైటు తల తిప్పిండు. మేనేజర్ ఉరికొచ్చిండు.

"చాచా! దిగు! ఏం చేస్తున్నవ్?"

"ఇత్తడి గిన్నెలు బిర్యానీ తింటలేవు బేటా. గీ పెద్దాయన తింటుండు."

పెద్దాయన ప్లేటు దించి, "అబ్బ, ఇంతసేపు లవంగమేదో బొక్కేదో తెల్వకుండె," అన్నడు. అయినా మమ్మల్ని చేతులు సుత కడుక్కోనియ్యకుండ బయటికి పంపిండ్రు.

బల్కంపేటల బోనాలప్పుడైతే ఇంక ఘోరం. మా పాత గల్లీల ఓ పెద్ద ఫ్లెక్సీ పెట్టిండ్రు. దాని మీద గల్లీ లీడర్ మొఖం, ఆ మొఖం మీద రెండు ఫోకస్ లైట్లు. కింద నెత్తి మీద బోనం పెట్టుకున్న ఆడోళ్లు గుంతల రోడ్డు మీద చీకట్ల నడుస్తుండ్రు. దిలావర్ భాయ్ ఫ్లెక్సీ కట్టిన కట్టె ఎక్కి రెండు లైట్లు రోడ్డు దిక్కు తిప్పిండు. లీడర్ మనుషులు ఇద్దరు కాలర్ పట్టుకున్నరు.

"అన్న మొఖం ఏడికి పోతది భాయ్? రేపు సుత గిట్లనే నవ్వుతది," అన్నడు దిలావర్ భాయ్ కాలర్ విడిపించుకోకుండనే. "గా అక్క కాలు జారితె?"

పట్టుకున్నోళ్లల్ల ఒకని తల్లి ఆ లైన్లనే ఉన్నది. వాడు కాలర్ ఇడిచిపెట్టి రెండో లైటు వైరు సర్దిండు.

గివన్నీ దుకానంల చెప్పుకొని ఏండ్లకేండ్లు నవ్విన. మా ఇంటికి వచ్చేదాంక.

పోయినేడు శ్రీనగర్ కాలనీల నాలుగో అంతస్తుల ఫ్లాట్ తీసుకున్నం. నేను, నా భార్య వనిత, మా అమ్మ లచ్చమ్మ. అంతకుముందు బల్కంపేటల రెండు రూముల ఇల్లు. నడుమ ఒకటే ట్యూబ్‌లైటు, ముగ్గురం మోకాళ్లు తగిలేంత దగ్గర కూసుంటుంటిమి. కొత్త హాలు పెద్దది. కిటికీ ఒకటే, అది సుత పక్క అపార్ట్‌మెంట్ గోడకు ఆనుకున్నట్టు ఉంటది. పగటిపూట సుత లైటెయ్యాలె. వనిత పంజాగుట్టల ఓ ఆఫీసుల హెచ్ఆర్. వాళ్ల దోస్తులందరి ఇండ్లల్ల ట్రాక్ లైట్లే.

"లైట్ల దుకానమోని పెండ్లాన్ని. నా ఇంట్ల లేకపోతె ఇజ్జత్ ఏమున్నది?" అన్నది. నిజమే.

దిలావర్ భాయ్ వచ్చిండు. నిచ్చెన గోడకు ఆనిచ్చిండు. రెండు గంటలు దాన్ని ముట్టలే. మూలకు స్టూలు మీద కూసొని చాయ్ తాగుకుంట మా ముగ్గురిని చూసుకుంట ఉన్నడు.

"భాయ్, పని?"

"చేస్తనే ఉన్న."

తర్వాత గంటల బిగించిండు. స్విచ్ ఎయ్యంగనే వనిత నోరు తెరిచింది. ఆరు లైట్ల తలలు సోఫాల మీదికి, కుర్చీల మీదికి. కండ్లల్ల పొడవకుండ, పక్కకెల్లి మెల్లగ, సక్కగ మా మొఖాల మీద పడుతున్నయి. రాతి గోడ చీకట్ల ఉంది.

"ఏంది భాయ్ ఇది? పోలీస్ స్టేషన్ల కూసోబెట్టినట్టు మొఖాల మీద లైట్లేంది?"

"మొఖాలు మంచిగనే ఉన్నయి కద బేటీ."

"గోడ! గోడకు అంత ముచ్చటపడి రాయి అతికిచ్చినం!"

"గట్టిగనే అతికిచ్చినరు. ఊడిపోదు. కావలి కాసుడెందుకు?"

ఆయన లిఫ్ట్ దిగకముందే వనిత స్టూలెక్కి ఆరింటిని గోడకు తిప్పింది. మూడు రోజులకు దిలావర్ భాయ్ "వైరు లూజున్నదేమో చూస్త" అనుకుంట వచ్చి మళ్ల తిప్పిండు. వనిత తిప్పింది. వారానికి మళ్ల వచ్చిండు. ఈసారి నీళ్లు తాగనీకట! అమీర్‌పేటల నీళ్లు దొరకనట్టు నాలుగో అంతస్తు ఎక్కొచ్చి నీళ్లు తాగిండు, లైట్లు తిప్పి పోయిండు. వనిత నా దిక్కు తిరిగింది.

"ఈ ఇంటికి మనం ఓనర్లమా, ఆయన ఓనరా? చెప్పుతవా, నన్నే చెప్పమంటవా?"

నేను చెప్పిన. దుకానంల అందరి ముంగట గట్టిగనే చెప్పిన. దిలావర్ భాయ్ తల దించుకొని విన్నడు. పదహారేండ్లల్ల ఆయన మారుమాట అనకపోవుడు గదే మొదలు. నాకు ఇంకింత మండింది.

అసలు ఇంట్ల అప్పటికే నెమ్మది లేదు. కొత్త ఇంటికి వచ్చినకాడి నుంచి అమ్మ తీరు మారింది. పిలిస్తె పలుకది. పప్పు తెమ్మంటే ఉప్పు తెస్తది. "అత్తమ్మ కావాలనే చేస్తుంది. ఈ ఇల్లు ఆమెకు ఇష్టం లేదు," అని వనిత. "మీరిద్దరు నా ముంగటనే నా గురించి గుసగుసలు పెడుతున్నరు," అని అమ్మ. నడుమ నేను.

ఓ ఆదివారం సాయంత్రం వనిత ఆఫీసోళ్లు అయిదుగురు వచ్చిండ్రు. గోడ ధగధగ మెరుస్తుంది. అందరు మెచ్చుకున్నరు. హైందవి అని వనిత పై ఆఫీసరమ్మ, అమ్మ ఎదురుంగ కూసొని ప్రేమగ అడిగింది.

"ఆంటీ, వనిత మిమ్మల్ని మంచిగ చూసుకుంటదా?"

"ఏడ బిడ్డా," అన్నది అమ్మ నవ్వుకుంట. "బొద్దింకలు మస్తున్నయి. ఎంత మందు కొట్టినా పోతలేవు."

అయిదుగురు పడి పడి నవ్విండ్రు. అమ్మ సుత వాళ్లతోని కలిసి నవ్వింది. వనిత మాత్రం నవ్వలే.

వాళ్లు పోయినంక వనిత ఏడ్చుకుంట అరిచింది. అమ్మ రూంలకు పోయి తలుపేసుకున్నది. తెల్లారి చూస్తే చెక్క కుర్చీల కూసొని ఉన్నది, కాళ్లకాడ బ్యాగు.

"సంగీత ఇంటికి పోత," అన్నది. సంగీత మా అక్క. బల్కంపేటల ఉంటది.

"ఎన్ని రోజులకే?"

అమ్మ బ్యాగు జిప్పు గుంజుకుంటుంది. అప్పుడే బెల్ కొట్టిండ్రు. తలుపు తీస్తే దిలావర్ భాయ్, చిన్న నిచ్చెన.

నాకు నషాళానికి అంటింది. "భాయ్, దండం పెడుత. ఇయ్యాల వద్దు. పో."

ఆయన నా దిక్కు చూడలే. బ్యాగు చూసిండు, అమ్మను చూసిండు, గోడ మీద లైట్లు చూసిండు. అప్పుడు నా దిక్కు తిరిగిండు. నా మీద ఆయనకు గంత కోపం నేనెన్నడు చూడలే.

"పదహారేండ్ల నుంచి లైట్లు అమ్ముతున్నవ్ విజయేందర్. ఇంట్ల మనిషి కనబడుతలేదా నీకు?"

అని నన్ను పక్కకు జరిపి నిచ్చెన ఎక్కిండు. ఒక్కొక్క లైటు తల తిప్పుడు షురూ చేసిండు. వనిత నా పక్కకొచ్చి నిలబడ్డది. ఆయనకు వినబడొద్దని గొంతు రానియ్యకుండ, ఉత్త పెదవులతోని నాకు ఏదో చెప్పింది. నాకు సమజ్ కాలే. "ఆఁ?" అన్న. మళ్ల పెదవులు కదిలిచ్చింది. అప్పుడే ఆరో లైటు వచ్చి ఆమె మొఖం మీద పడ్డది.

ఎదురు కుర్చీల నుంచి అమ్మ అన్నది. "పంపుడెందుకు బిడ్డా? పొద్దుగాల్నే వచ్చిండు. జర చాయ్ అన్న ఇయ్యి."

వనిత చెయ్యి నోటి మీదికి పోయింది. నాకు ఇంక సమజ్ కాలే. "నువ్వేమన్నవ్?" అని అడిగిన.

"ఈయనను ముందు పంపియ్యి అన్న," అన్నది వనిత మెల్లగ. "గొంతు లేకుండ అన్న. పక్కనున్న నీకే వినబడలే."

తర్వాత ఆమె పోయి అమ్మ ఎదురుంగ కింద కూసున్నది. లైట్ల మొఖం పెట్టి, ఈసారి సుత గొంతు లేకుండనే అడిగింది. ఆ మాట నాకు సుత తెలిసింది. 'అత్తమ్మా, వినబడతలేదా?'

అమ్మ చాలాసేపు చీర కొంగు సర్దుకున్నది.

"ఎడమ చెవి పోయి రెండేండ్లాయె. కుడిది సుత ఇప్పుడిప్పుడు. గా ఇంట్ల ట్యూబ్‌లైట్ కింద మీ మూతులు చూసి ఎల్లదీసిన. ఈడ మీ మొఖాలే కనబడతలేవు."

"మరెందుకు చెప్పలే?" అని అరిచిన నేను.

"చెప్తే చెవిటిది అంటరు. చెప్పకపోతె పొగరుది అంటరు. పొగరే నయమనిపిచ్చింది."

వనిత నవ్విందో ఏడ్చిందో తెల్వది. బ్యాగు మాత్రం గుంజుకొని లోపల పెట్టొచ్చింది.

దిలావర్ భాయ్ నిచ్చెన మడుస్తుండు, ఈ ముచ్చటతోని తనకేం సంబంధం లేనట్టు. పోయి చెయ్యి పట్టుకున్న.

"నీకెట్ల తెలిసింది?"

"మొదటి రోజే. లచ్చమ్మక్క చూపు మీ కండ్ల మీద ఉండది, మూతి మీద ఉంటది. మా ఇంటామె బద్రున్నీసా గట్లనే చూస్తది. ఆమెకు వినబడక ఇరవై ఏండ్లు. ఎదుటోళ్ల మొఖం మీద లైటుంటే నాతోని లడాయి సుత పెట్టుకుంటది. లేకపోతె ఒక్కతే అయిపోతది."

పదహారేండ్లు! ఆ మనిషి ఇంటికి నేను ఒక్కసారి పోలే. ఆయన భార్య ఎట్లున్నదని ఒక్కసారి అడగలే. ఎక్కిన కుర్చీలు మాత్రం లెక్కపెట్టి నవ్విన.

"మరి నాకు చెప్పొద్దా భాయ్? మూడు వారాలు ఊకె తిట్లు తిన్నవ్!"

దానికి మళ్ల కోపమొచ్చింది ఆయనకు. "అక్క చెప్పలే కద! ఆమె దాసుకున్న మాట నేనెట్ల చెప్త? లైటు తిప్పుడు నా పని, తిప్పిన!"

చాయ్ తాగిపో అంటే, రవికాంత్ గారు పిలిచిండ్రని ఉరికిండు. ఆ సీరియళ్ల సారు భార్య కూరగాయలు కోసేకాడ లైటు పెట్టాలట.

ఆ వారమే పంజాగుట్టల చెవుల డాక్టర్ దగ్గరికి పోయినం. కుడి చెవికి మిషిన్ పెట్టిండ్రు. అయినా అమ్మ ఎక్కువ నమ్మేది మూతినే. ఇప్పుడు కుర్చీ అటిటు జరిగితె వనితనే స్టూలెక్కి లైటు సరిచేస్తది. హైందవికి ఫోన్ చేసి బొద్దింకల కథంత చెప్పింది. మా ఇంట్ల బొద్దింకలు లేవని సుత చెప్పింది.

పోయిన ఆదివారం దిలావర్ భాయ్‌ని, బద్రున్నీసా బేగంను అన్నానికి పిలిచినం. అమ్మ, ఆ బేగం ఇద్దరు లైట్ల కింద ఎదురెదురుగ కూసున్నరు. మొదలు కొంచెం పైకి మాట్లాడిండ్రు. తర్వాత గొంతులు బందు. పెదవులు కదులుతున్నయి, చేతులు తిరుగుతున్నయి, హాల్ల చప్పుడు లేదు. జరసేపటికోసారి మా దిక్కు చూస్తరు, కడుపులు పట్టుకొని నవ్వుతరు.

వనితకు మండింది. "మన గురించే! మన ముంగటనే! మనకు ఒక్క ముక్క తెల్వకుండ!"

"భాయ్, ఏమంటుండ్రు?" అని అడిగిన.

దిలావర్ భాయ్ వాళ్ల మూతుల దిక్కు కాసేపు చూసిండు. ఆయన చెవులు ఎర్రగైనయి.

"మొదలు నా గురించి అనుకున్నరు. ఇప్పుడు నీ కాడికి వచ్చిండ్రు," అన్నడు. ప్లేటు పట్టుకొని లేసి బాల్కనీలకు పోయిండు.