మూడో సైలోలో బాబాయ్

నల్లపాడు దాటాక ఉన్న కోళ్ల దాణా మిల్లులో మొక్కజొన్న తేమ చూడడం నా పని. లారీ రాగానే గుప్పెడు గింజలు తీసి మీటర్‌లో పోసేదాన్ని. తేమ పద్నాలుగు శాతం దాటితే సరుకును డ్రయ్యర్‌లో ఆరబెట్టాకే సైలోలో పోయాలి. సైలో అంటే నాలుగంతస్తుల ఎత్తున్న ఇనుప డబ్బా. పైనుంచి గింజ పోస్తారు. అడుగున మోటార్ తిప్పితే బయటికొస్తుంది.

ఆ ఏడు కోతల వేళకి వాన పట్టుకుంది. డ్రయ్యర్ ముందు లారీలు బారులు తీరాయి. ఓ రోజు రెండు లారీలకు మీటర్ పదిహేడు చూపించింది.

"పొడి సరుకులో కలిసిపోద్దిలేమ్మా, పద్నాలుగని రాసెయ్," అన్నాడు మేనేజర్.

రాసేశాను. ఆ సరుకు ఆరబెట్టకుండానే మూడో సైలోలో పడింది.

మూడు వారాలకు మూడో సైలో దగ్గర పులిసిన వాసన మొదలైంది. మోటార్ తిరుగుతున్నా గింజ రావడం లేదు. పైన తడి గింజ బూజు పట్టి గడ్డకట్టింది. దాన్ని పొడవడానికి బాబాయ్ గడ్డపార తీసుకుని ఎక్కాడు. ఆయన నాకు చుట్టమేమీ కాదు. మిల్లులో అందరికంటే పాత కూలీ. రోజూ తన క్యారియర్‌లో గోంగూర పచ్చడి నాకూ పెట్టేవాడు. శాంపిల్ కోసం నేనూ వెనకే ఎక్కాను.

ఆయన లోపలి నిచ్చెన దిగి గడ్డ మీద నిలబడ్డాడు.

"మోటార్ తిరుగుతోంది బాబాయ్."

"ఆపితే గింజ కదిలిందో లేదో ఎట్టా తెలుస్తుంది అమ్మాయ్?"

నాలుగైదు పోట్లు పొడిచాడు. కాళ్ల కింద గడ్డ విరిగి, అడుగు గింజ మోటార్ వైపు జారడం మొదలైంది. పెద్ద చప్పుడేం రాలేదు. చూస్తుండగానే నడుం దాకా కూరుకుపోయాడు.

"మోటార్," అన్నాడంతే.

కేకేశాను. మిషన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆయన్ని అలా వదిలి నేనే దిగాలి. ఎలా దిగానో తెలియదు. ఎర్ర బటన్ నొక్కి, మనుషుల్ని పిలిచి, మళ్లీ ఎక్కేసరికి గింజ చంకల దాకా వచ్చింది.

లారీ డ్రైవరూ ఇద్దరు కూలీలూ తాడు తెచ్చి ఆయన చంకల కింద వేసి లాగారు.

"వద్దురా, నడుం తెగిపోతోంది," అని మూలిగాడు.

కింద నుంచి మేనేజర్ అరిచాడు. "సైలో ఖాళీ చేసే అడుగు గేటు తీయండి. గింజ పోతే వాడే బయటపడతాడు."

"తీయొద్దు సార్," అన్నాను. "గింజతో పాటు ఆయన్నీ కిందికి లాక్కుపోద్ది. ఎవర్నీ ఆ గేటు ముట్టుకోనీయకండి."

మేనేజర్‌కి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. గేటు తీయలేదు.

షెడ్డు కోసం తెచ్చిన రేకులు గుర్తొచ్చాయి డ్రైవర్‌కి. గింజ మీద చెక్కలు పరుచుకుని, బాబాయ్ చుట్టూ నాలుగు రేకులు దిగ్గొట్టి, వాటి మధ్య గింజను చిన్న డబ్బాలతో తోడడం మొదలెట్టారు. తాడు కొస నేను పట్టుకున్నాను.

"ఊపిరాడుతోందా బాబాయ్?"

"ఊపిరి వదిలినప్పుడల్లా గింజ ఇంకా బిగుసుకుంటోంది. మాట్లాడించబాక."

గంటన్నర తోడితే మోకాళ్లు కనబడ్డాయి. అగ్నిమాపక వాళ్లు వచ్చి మిగతా పని కానిచ్చారు.

బాబాయ్‌కి రెండు పక్కటెముకలు చిట్లాయి. బ్రాడీపేట ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లాను. ఆయన భార్య మంచం పక్కన బత్తాయి ఒలుస్తోంది.

"తడి లారీల్ని పొడివని రాసింది నేనే బాబాయ్."

"లారీ దించేటప్పుడు చేత్తో పట్టుకుంటే నాకూ తెలిసింది తడిదని. నేనూ నోరెత్తలా," అన్నాడు.

ఆవిడ ఒలవడం ఆపింది. "ఇద్దరికీ తెలిసే జరిగిందా ఇది?"



మర్నాడు ఆ రెండు లారీల లెక్క కొట్టేసి, అసలు తేమ రాసి, మేనేజర్ ముందు పెట్టాను. అప్పట్నుంచి సైలోలో దిగే మనిషి మోటార్‌కి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకునే దిగుతున్నాడు. బాబాయ్ రెండు నెలలకు పనిలోకి వచ్చాడు, కాటా దగ్గరికి. ఆయన భార్య మాత్రం ఎప్పుడు ఎదురైనా నన్ను పలకరించదు.