రోసీనాకు రెండో సిలువ

నల్లసముద్రం ఒడ్డు వదిలి అమెరికాలోని డకోటా గడ్డిమైదానంలో దిగిన ఆ జర్మన్ కుటుంబాలకు చెట్టన్నది కంటికి కనబడలేదు. నేలను గడ్డితో సహా ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టుకున్నారు. సమాధికి కొయ్య సిలువ పెట్టినా ఏటా గడ్డికి అంటుకునే మంటల్లో మాడిపోయేది. అందుకే క్లైన్‌ఫెల్డ్ ఊళ్ళో సిలువలన్నీ ఇనుపవి, అన్నీ కమ్మరి కాస్పర్ చేసినవే. ఊళ్ళో తొలి సమాధి అతని కూతురిదే, పసిపిల్ల రోసీనాది. తాము వచ్చిన బండి చక్రం ఇనుప పట్టా విరిచి, ఏడుస్తూ సిలువ చేసి పాతాడు.

ఊరు చర్చి కట్టుకుని నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక ఇగ్నాట్స్ అనే కుర్ర కమ్మరి దిగాడు. వాడి సిలువలకు ఇనుప తీగలు అల్లుకునేవి, కొసల్లో పువ్వులు పూసేవి. జనం వెర్రెత్తిపోయారు. కొందరైతే కాస్పర్ చేసిన పాత సిలువలు పీకించి మరీ కొత్తవి పాతించారు. కాస్పర్ కడుపు భగ్గుమంది.

"పువ్వులట, పువ్వులు! సమాధికి పెళ్ళి చేస్తున్నాడా వాడు?" అంటూ కొలిమి దగ్గరికొచ్చిన వాళ్ళందరి బుర్రా తినేవాడు.

ఒకరోజు భార్య ఒటీలియా సూప్ వడ్డిస్తూ అంది. "ఏమయ్యా, పిల్లకి ఇగ్నాట్స్ చేత ఓ సిలువ చేయిద్దాం. పువ్వులుంటే ముద్దుగా ఉంటుంది."

"నా కూతురికి వాడు చేసేదేమిటే? నేను చచ్చాననుకున్నావా?"

"ఎందుకా మాటలు? నీకు చేతకాదు కదా అని అన్నాను."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మర్నాడు కాస్పర్ సమాధుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఇగ్నాట్స్ పువ్వుల్ని వేలితో తడిమి తడిమి చూశాడు. చూసినవాళ్ళు ప్రార్థన అనుకున్నారు. తర్వాత కొలిమి తలుపులు బిగించుకున్నాడు. చేతులు కాలాయి, పువ్వులు విరిగాయి, మళ్ళీ చేశాడు. సమాధుల పండుగ తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా పాత సిలువ పీకి కొత్తది పాతాడు.

ఊరంతా దాని చుట్టూ మూగింది. "అబ్బ, ఏం చెయ్యిరా ఇగ్నాట్స్ నీది!" అన్నారు.

"నాది కాదు," అన్నాడు ఇగ్నాట్స్. "ఇంత బాగా నాకు రాదు."

కాస్పర్ ఛాతీ ఉబ్బిపోయింది. "నేను చేశాను! నా చేతులతో! చూడవే ఒటీలియా, చేతకాదన్నావుగా?"

ఒటీలియా గులాబీ రేకు నిమిరింది. కళ్ళనిండా నీళ్ళు. "నీకు ఇదంతా వచ్చా?"

"రాకేం? వీణ్ణి తలదన్నేలా వచ్చు!"

"ఇన్నేళ్ళుగా పిల్ల ఇక్కడే ఉంది కదయ్యా. ఎండకీ మంచుకీ ఇక్కడే ఉంది. ఒక్క పువ్వన్నా చెయ్యాలనిపించలేదా నీకు?" ఆమె అతని వైపు తిరిగింది. "నిజం చెప్పు. ఇది దానికోసం చేశావా, ఇగ్నాట్స్ కోసం చేశావా?"

కాస్పర్ నోరు తెరిచాడు. ఊరంతా వింటోంది, ఇగ్నాట్స్ వింటున్నాడు. దానికోసమే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది అతని నోట రాలేదు.